ఏ అధ్యాయమో చెప్పని లెక్కలు

కావలిలో మా ఇంటి వరండాలో ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఏ అధ్యాయం నుంచి ఎలాంటి ప్రశ్న వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా గణిత ఒలింపియాడ్ తొలి పరీక్ష ఐఓక్యూఎం రాస్తానని పట్టుబట్టాడు. ఆ పేరు వినడమే తప్ప అందులో ఏమి అడుగుతారో నాకు తెలియదు. పేరు నమోదు చేయించాక పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని కూర్చున్నాం. మొదటి లెక్క చదివి వాడు అడిగిన మాట: "ఇది ఏ అధ్యాయం అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. నా ట్యూషన్ అంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. అధ్యాయం తెలిస్తే సూత్రం తెలుస్తుంది, సూత్రం తెలిస్తే లెక్క తేలుతుంది. ఇక్కడ అధ్యాయం పేరు ఎక్కడా ఉండదు.

పరీక్ష సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఐఓక్యూఎం గణిత ఒలింపియాడ్‌కు తొలి మెట్టు. దేశంలో ఒలింపియాడ్ కార్యక్రమాన్ని ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం చూస్తుంది, ఈ తొలి పరీక్షను గణిత ఉపాధ్యాయుల సంఘం నిర్వహిస్తుంది. 8 నుంచి 12 తరగతుల వాళ్లు రాయవచ్చు. ఇటీవలి ఏళ్లలో సెప్టెంబరులో ఒక ఆదివారం నాడు పెడుతున్నారు. 3 గంటల్లో 30 ప్రశ్నలు, మొత్తం 100 మార్కులు. పది ప్రశ్నలకు 2 చొప్పున, మరో పదింటికి 3 చొప్పున, చివరి పదింటికి 5 చొప్పున. ఎంచుకోవడానికి ఏ, బీ, సీ, డీలు ఉండవు. ప్రతి జవాబూ 0 నుంచి 99 వరకు ఉన్న పూర్ణసంఖ్యే. ఆ రెండు అంకెలను ఓఎంఆర్ షీటులో నింపాలి. తప్పు రాస్తే మార్కులు కోయరు. ఇది దాటితే ప్రాంతీయ ఒలింపియాడ్ ఆర్‌ఎంఓ: 3 గంటలు, 6 లెక్కలు, ప్రతిదానికీ పూర్తి నిరూపణ. ఆపైన జాతీయ ఒలింపియాడ్ ఐఎన్‌ఎంఓ, నాలుగున్నర గంటలు. అన్నీ దాటినవాళ్లలోంచి చివరికి 6 మంది అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు వెళ్తారు. మన దేశం 1989 నుంచి అక్కడ పాల్గొంటోంది. 1996లో ఆ పోటీ ముంబయిలోనే జరిగింది.

పాఠ్యాంశాలు నాలుగు: బీజగణితం, సంఖ్యాశాస్త్రం, రేఖాగణితం, కాంబినేటరిక్స్ (ఎన్ని రకాలుగా వీలవుతుందో లెక్కించడం). కలనగణితం అక్కర్లేదు. మేము బీజగణితంతో మొదలుపెట్టాం, ఎందుకంటే బడిలో మావాడి బలం అదే. ఆ బలమే మొదట అడ్డొచ్చింది.

ఒక సంఖ్యకు దాని వ్యుత్క్రమాన్ని కలిపితే 3 వస్తుంది. ఆ సంఖ్య అయిదో ఘాతానికి, వ్యుత్క్రమం అయిదో ఘాతాన్ని కలిపితే ఎంత? మావాడు వెంటనే వర్గ సమీకరణం రాశాడు, సూత్రం వేశాడు, (3 + √5)/2 అని మూలం తీశాడు, దాన్ని అయిదుసార్లు గుణించడానికి చొక్కా చేతులు మడిచాడు. పక్కనే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కూర్చుంది. వర్గ సమీకరణాలు ఇంకా నేర్చుకోలేదు కాబట్టి ఆమెకు ఆ దారి మూసి ఉంది. 3ను వర్గం చేసి 2 తీసేసింది, వర్గాల మొత్తం 7. 3ను ఘనం చేసి 9 తీసేసింది, ఘనాల మొత్తం 18. ఈ రెంటినీ గుణిస్తే 126. అందులో అయిదో ఘాతాల మొత్తంతోపాటు మొదటి 3 కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని తీసేస్తే 123. ఆ సంఖ్య ఏమిటో కనుక్కునే పనే లేదు. మావాడు అప్పటికి √5 చుట్టూ బ్రాకెట్లు విప్పుతూనే ఉన్నాడు. (123 ఓఎంఆర్‌లో పట్టదు. ఇలాంటి చోట్ల ఫలానా సంఖ్యతో భాగిస్తే శేషం ఎంత అని అడుగుతుంటారు.)

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టాను. లెక్క చదివాక చేయి కదపకముందు అడిగినదేమిటో ఒక వాక్యంలో చెప్పాలి. అడిగింది సంఖ్యనా, సంఖ్యల మొత్తాన్నా, ఎన్ని జవాబులున్నాయనా? సగం లెక్కలు అక్కడే మెత్తబడతాయి.

నెల్లూరులో ఒక శిక్షణ సంస్థ వాళ్ల పుస్తకాల కట్ట కూడా కొన్నాం. నిండా సూత్రాలే, ఒక్కోదాని కింద దాన్ని నేరుగా వాడే లెక్కలు. అంటే అధ్యాయాలను వెనక తలుపు నుంచి మళ్లీ తీసుకొచ్చారు. కట్ట అటక మీదికి వెళ్లింది. నేను జవహర్ భారతి కాలేజీలో బీఎస్సీ గణితం చదివాను. అవకలన సమీకరణాలు, సమూహాలు చదివిన చదువు ఈ లెక్కల ముందు ఎంత తక్కువ అక్కరకొస్తుందో చూసి ఆశ్చర్యపోయాను. అక్కరకొచ్చింది తొమ్మిదో తరగతి సర్వసమీకరణాలే. వాటిని వాడే తీరు మాత్రం వేరు.

ఒక ఉదాహరణ. ఒక సహజ సంఖ్య నాలుగో ఘాతానికి 4 కలిపితే ప్రధాన సంఖ్య ఎప్పుడు వస్తుంది? రెండు వర్గాల మొత్తానికి కారణాంకాలు ఉండవని పిల్లలందరికీ బడిలో గట్టిగా నూరిపోసి ఉంటాం. ఇక్కడ సంఖ్య వర్గానికి నాలుగు రెట్లు కలిపి, అంతే తీసేస్తే రెండు వర్గాల తేడా అయి కూర్చుంటుంది. చిన్న కారణాంకం ఏమిటంటే, సంఖ్యలోంచి 1 తీసి వర్గం చేసి 1 కలిపితే వచ్చేది. సంఖ్య 1 అయితేనే అది 1 అవుతుంది. కాబట్టి వచ్చే ప్రధాన సంఖ్య 5 ఒక్కటే. ఈ సర్వసమీకరణానికి సోఫీ జెర్మెన్ (1776–1831) పేరు ఉంది. ఆడపిల్లనని తెలిస్తే లెక్కచేయరని ఆమె లెబ్లాంక్ అనే మగ పేరుతో పెద్ద గణితవేత్తలకు ఉత్తరాలు రాసింది. ఈ కథ విన్నాక మా ఎనిమిదో తరగతి అమ్మాయి రఫ్ పుస్తకం అట్ట మీద లెబ్లాంక్ అని రాసుకుంది. ఏమిటని అడిగిన వాళ్ల నాన్నకు అది కొత్త పెన్నుల కంపెనీ అని చెప్పిందట.

బహుపదుల దగ్గర మావాడు త్వరగా కుదురుకున్నాడు. ఒక బహుపది, పరిమాణం 4, మొదటి గుణకం 1. దానిలో 1, 2, 3, 4 వేస్తే వరుసగా 1, 2, 3, 4 వస్తాయి. మరి 5 వేస్తే? ట్యూషన్ పిల్లలందరూ ఒకే గొంతుతో "5 టీచర్" అన్నారు. బహుపదిలోంచి ఎక్స్ తీసేసి చూస్తే, మిగిలినదానికి 1, 2, 3, 4 మూలాలు. 5 దగ్గర దాని విలువ 4 × 3 × 2 × 1, అంటే 24. తీసేసిన 5 తిరిగి కలిపితే 29. ఇలాంటివి ఒకసారి చూస్తే మరిచిపోరు, అందుకని వీటి మీద ఎక్కువ కాలం గడపలేదు.

అసలు కాలమంతా అసమానతల దగ్గర పోయింది. పోయినందుకు బాధ లేదు. రెండు ధన సంఖ్యల అంకమధ్యమం (మొత్తంలో సగం) గుణమధ్యమం (లబ్ధం వర్గమూలం) కంటే తక్కువ కాదన్న ఒక్క ముక్క పట్టుకుని పిల్లలు లోకాన్ని జయిస్తారు. వాళ్లకు నేనిచ్చిన లెక్క ఇది: ఎ, బి ధన సంఖ్యలు. (ఎ + 1/బి)(బి + 4/ఎ) కనిష్ఠ విలువ ఎంత?

మావాడు రెండు బ్రాకెట్లకూ విడివిడిగా సూత్రం వేశాడు. మొదటిది 2√(ఎ/బి) కంటే తక్కువ కాదు. రెండోది 4√(బి/ఎ) కంటే తక్కువ కాదు. గుణిస్తే వర్గమూలాలు రెండూ కొట్టుకుపోయి 8 మిగిలింది. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. 8 చుట్టూ గీత గీసి కాగితం నా ముందు పెట్టాడు.

"8 వచ్చే ఎ, బి ఏవో చెప్పు" అన్నాను.

1, 1 వేశాడు: 10. 1, 2 వేశాడు: 9. 2, 1 వేశాడు: మళ్లీ 9. భిన్నాలు వేశాడు, వర్గమూలాలు వేశాడు, 9 కంటే కిందికి దిగలేదు. చాలాసేపటికి తలెత్తి, "మొదటి బ్రాకెట్ కనిష్ఠం కావాలంటే ఎ, బిల లబ్ధం 1 కావాలి. రెండోదానికి 4 కావాలి. రెండూ ఒకేసారి ఎలా అవుతాయి?" అన్నాడు. కావు. 8 కంటే తక్కువ రాదన్న మాట నిజమే. 8 వస్తుందన్నది నిజం కాదు. బ్రాకెట్లు ముందే విప్పితే 5 బయటికి వచ్చి, లబ్ధం, 4 బై లబ్ధం అనే రెండే పదాలు మిగులుతాయి. వాటి మొత్తం 4 కంటే తక్కువ కాదు, లబ్ధం 2 అయినప్పుడు సరిగ్గా 4. జవాబు 9.

ఈ లెక్కను ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. 8 కూడా 0కీ 99కీ మధ్య ఉన్న పూర్ణసంఖ్యే. ఓఎంఆర్ దాన్ని నోరెత్తకుండా పుచ్చుకుంటుంది. భిన్నం వస్తే పిల్లవాడికి అనుమానం వస్తుంది. 8 లాంటి అందమైన తప్పు వస్తే రాదు. అప్పటి నుంచి అసమానత లెక్క ఏదైనా సరే, "సమానం ఎప్పుడు?" అన్న వాక్యం రాసి, దానికి తగ్గ విలువలు చూపించనిదే జవాబు కింద గీత గీయనివ్వలేదు. నా ఉద్దేశంలో ఈ పరీక్షకు ఇంతకంటే పనికొచ్చే అలవాటు లేదు.

ప్రమేయ సమీకరణాలు (తెలియని సంఖ్యను కాక తెలియని ప్రమేయాన్నే కనుక్కోమనేవి) మాత్రం మా ఇద్దరికీ కొరకరాని కొయ్యలే. సున్నా వేసి చూడు, ఎక్స్, వై తారుమారు చేసి చూడు అన్నంతవరకు వెళ్లగలిగాం. వాటిని వదిలేసి మిగతావి గట్టి చేసుకోమని చెప్పాను. మంచి సలహానో కాదో, నా చేతనైంది అది.

మొదటి ఏడాది అర్హత రాలేదు. పదో తరగతిలో మళ్లీ రాశాడు. పరీక్షా కేంద్రం నెల్లూరులో. సెప్టెంబరు ఎండ మే నెలను తలపించింది. పిల్లలను లోపలికి పంపి తల్లిదండ్రులందరం గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. ఎవరి పిల్లలు ఎక్కడ శిక్షణ తీసుకుంటున్నారన్న మాటలే అక్కడ. బయటికొచ్చాక మావాడు మార్కుల లెక్క చెప్పలేదు. ఒక లెక్కలో రెండు రకాలుగా రెండు జవాబులు వచ్చాయని, సమానం ఎప్పుడో చూసి ఒకటి కొట్టేశానని చెప్పాడు. ఆర్‌ఎంఓకు అర్హత వచ్చింది.

అక్కడ మళ్లీ కొత్త కష్టం. అన్నేళ్లూ జవాబు కోసం లెక్క చేసినవాడు ఇప్పుడు చదివేవాడి కోసం రాయాలి. రెండు సహజ సంఖ్యల వ్యుత్క్రమాల మొత్తం 1/12. క్రమం మారితే వేరే జతగా లెక్కిస్తే, అలాంటి జతలు ఎన్ని? ఇది వాడికి నల్లేరు మీద నడక. హారాలు తీసేసి, రెండు వైపులా 144 కలిపితే, ఒక్కో సంఖ్యలోంచి 12 తీయగా వచ్చినవాటి లబ్ధం 144 అవుతుంది. 144కు 15 భాజకాలు, కాబట్టి 15 జతలు. ఓఎంఆర్‌లో అయితే పని అయిపోయింది. ఎర్ర పెన్ను పట్టుకుని అడిగాను: "రెండు రుణ సంఖ్యల లబ్ధం కూడా 144 అవుతుంది కదా, వాటి సంగతి రాశావా?" "అవి రావని తెలుస్తూనే ఉంది కదమ్మా" అన్నాడు. తెలుస్తూనే ఉన్నదాన్ని రాయడానికి ఒక్క వరస చాలు: సహజ సంఖ్యలు కనుక 12 తీస్తే −11 కంటే కిందికి పోవు, అలాంటి రెండు రుణ సంఖ్యల లబ్ధం 121 దాటదు. ఆ వరస రాయించడానికి వారం పాటు వాదన నడిచింది. వాడి కాగితాల్లో "స్పష్టంగా" అనే మాట కనిపించినచోటల్లా ఎర్ర సున్నా చుట్టాను. స్పష్టంగా ఉంటే రాయి, లేకపోతే ఆలోచించు.

పూర్ణసంఖ్యలు గుణకాలుగా ఉన్న బహుపది 7 వేస్తే 11, 11 వేస్తే 13 ఇవ్వగలదా అన్న లెక్కతో నిరూపణ రాయడం దారికొచ్చింది. వేసే సంఖ్యల తేడా 4, వచ్చే విలువల తేడా 2. అలాంటి బహుపదుల్లో మొదటి తేడా రెండోదాన్ని నిశ్శేషంగా భాగించి తీరాలి. 4 రెండును భాగించదు, కాబట్టి ఇవ్వలేదు. మూడే వరసలు, ప్రతిదానికీ కారణం పక్కనే. ఎర్ర పెన్ను మూత తీయలేదు.

ఆర్‌ఎంఓ దగ్గర ఆగిపోయాడు. రేఖాగణితం ముంచింది, దాని మీద మేము పెట్టిన శ్రద్ధ కూడా అంతే. ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు, వాడి సమయం కాలేజీ వాళ్లది. లెబ్లాంక్ అమ్మాయి ఈసారి రాస్తోంది. వాళ్ల నాన్న వచ్చి ఏ పుస్తకాలు కొనాలని అడిగితే, డబ్బు దాచుకోమని చెప్పాను. పాత ప్రశ్నపత్రాలు హోమీ భాభా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని ప్రింటు తీయించి ఇస్తే చాలు. జవాబుల పేజీలు మాత్రం విడిగా నాకు ఇవ్వమన్నాను.