మేమా, మనమా

"మన పిల్లల్ని మనం ఇక్కడ అలా అనం" అన్నాడు పక్క సీటు పెద్దాయన. లేకపోతే "మా పిల్లల్ని మేం ఇక్కడ అలా అనం" అన్నాడేమో. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. ఇంగ్లీషులో మేమూ, మనమూ ఒకటే మాట. వారం కావస్తోంది. ఆ రెండింటిలో ఏదన్నాడో తేలక ఇంకా మనసులో తిప్పుకుంటూనే ఉన్నాను.

జరిగింది చెప్తాను. 2025 సెప్టెంబర్ 20, శనివారం. నెబ్రాస్కా రాజధాని లింకన్‌లో యూనివర్సిటీ జట్టు హస్కర్స్‌కి మిషిగన్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. టికెట్ నాది కాదు, మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయిది. ఇక్కడ సీజన్ టికెట్లు పొలాల్లాగా తాతల నుంచి మనవల దాకా వస్తాయి. అది వాళ్ళ నాన్న సీటు. ఆ రోజు వాళ్ళ బంధువుల పెళ్ళి ఉందట. "నువ్వెళ్ళు, ఒక్కదానివే ఇంట్లో కూర్చుని ఏడవకు" అని నా ఫోన్‌కి టికెట్ పంపింది.

ఏడుపు ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. ముందురోజు శుక్రవారం హెచ్1బీ వీసాల మీద ప్రకటన వచ్చింది. లక్ష డాలర్ల ఫీజు, శనివారం అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి అమలు. దేశం బయట ఉన్నవాళ్ళు ఆ లోపే వెనక్కి వచ్చేయాలని కంపెనీల లాయర్ల మెయిళ్ళు. మా ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడు. మామయ్య పోయి ఏడాది దాటింది, ఆయన పేరున మొదటి పెత్తరమాస సరిగ్గా ఆదివారమే. ఇంటికి పెద్ద కొడుకు. బియ్యం ఇచ్చి, దసరా దాకా అత్తమ్మ దగ్గర ఉండి వద్దామని వెళ్ళాడు. మా ఇద్దరిదీ హెచ్1బీనే, ఇద్దరికీ మూడో ఏడాదే, పొడిగింపు కాగితాలు పెట్టుకోవాల్సిన సమయం. శుక్రవారం రాత్రంతా అక్కడ ఆయనా ఇక్కడ నేనూ విమానాలు వెతికాం. దొరికినవన్నీ గడువు దాటాక దిగేవే. తెల్లారేసరికి ఆయనే అన్నాడు: "నాన్నకి బియ్యం ఇస్తాను. తర్వాత ఏదైతే అదవుతుంది."

ఆ మనసుతో స్టేడియంలోకి వెళ్ళాను. గేటు మీద రాసి ఉంటుంది, కాలేజీ ఫుట్‌బాల్‌లో కెల్లా గొప్ప అభిమానులు ఈ గేట్లలోంచే వెళ్తారని. 1962 నవంబర్ నుంచి ఇక్కడ ఒక్క ఆటకీ టికెట్ మిగల్లేదు. వరసగా 400 ఆటలు దాటింది. స్టేడియం నిండిన రోజు లోపలున్న జనం, రాష్ట్రంలో ఒమాహా, లింకన్ తర్వాత మూడో పెద్ద ఊరు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఎరుపంతా చూసి మేడారం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి నాకు.

పెద్దాయనకి ఎనభై దగ్గర్లో ఉంటాయి. చేతిలో చిన్న రేడియో. బ్యాటరీల మూత ఊడిపోకుండా నల్ల టేపు చుట్టి, ఆ టేపు మీద ఇంకో టేపు చుట్టి ఉంది. ఒక చెవిలో రేడియో వైరు, రెండో చెవి మాకోసం. ఎదురుగా ఆట జరుగుతున్నా రేడియోలో చెప్పేదీ వినాలి ఆయనకి. మా తాత కూడా టీవీలో క్రికెట్ చూస్తూ రేడియో పెట్టుకునేవాడు.

ఆట సంగతికి వస్తాను. ఈ సీజన్ మీద నేను ఎంత ఆశ పెట్టుకున్నానో ఇక్కడి వాళ్ళకు కూడా తెలియదు. మ్యాట్ రూల్ కోచ్‌గా వచ్చి ఇది మూడో ఏడాది. ఆయన బేలర్ యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి ఏడాది ఆ జట్టు ఒకటి గెలిచి 11 ఓడింది. మూడో ఏడాదికి 11 గెలిచింది. అంతకుముందు టెంపుల్ యూనివర్సిటీలోనూ రెండు గెలుపులతో మొదలై పది గెలుపులకు చేరింది. అందుకే లింకన్‌లో ఎవరిని కదిపినా మూడో ఏడాది చూడు, మూడో ఏడాది చూడు అన్నదే మాట. 2023లో అయిదు గెలుపులు, ఏడు ఓటములు. 2024లో 7-6, అదీ ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ సీజన్ చివర ఎంపికైన జట్లకే దక్కే బౌల్ ఆట ఆడి, బోస్టన్ కాలేజీ మీద గెలిచి. ఈసారి సిన్సినాటి మీద 20-17, ఆక్రన్ మీద 68-0, హ్యూస్టన్ క్రిస్టియన్ మీద 59-7. మూడుకి మూడు. చివరి రెండూ లెక్కలోకి వచ్చేవి కాదని నాకూ తెలుసు, అయినా 68-0 అని చూస్తే సంతోషం ఆగదు కదా.

మిషిగన్ దేశంలో మొదటి పాతిక జట్ల ర్యాంకుల్లో ఉన్న జట్టు. 2016లో ఓరెగన్‌ని ఓడించాక ర్యాంకులున్న ఏ జట్టు మీదా నెబ్రాస్కా గెలవలేదు. తొమ్మిదేళ్ళు. పైగా ఆ రోజు మిషిగన్ హెడ్ కోచ్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకున్నాం. మొదటి సగం ఆఖరి క్షణంలో మా జట్టులో బంతి విసిరే కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా, గాల్లోకి ఎత్తి విసిరిన బంతిని గుంపులోంచి జకోరీ బార్నీ పట్టుకుని 17-17 చేసినప్పుడు, పెద్దాయన రేడియో వదిలేసి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఆ ఒక్క నిమిషం హైదరాబాద్ గుర్తు రాలేదు నాకు.

తర్వాత మొదలైంది. మిషిగన్ వాళ్ళు బంతి చంకలో పెట్టుకుని మా రక్షణ వరుస మధ్యలోంచి, సందులో నడిచినట్టు వెళ్ళిపోయారు. ఆట మొత్తంలో 75 గజాల పరుగు ఒకటి, 54 ఒకటి, 37 ఒకటి. మూడూ బంతిని అవతలి గీత దాటించిన టచ్‌డౌన్లే. పరుగుల మీదే 286 గజాలు. నిరుడు ఆ మధ్యలో టై రాబిన్‌సన్, నాష్ హట్‌మాకర్ గోడల్లా నిలబడేవాళ్ళు. ఇద్దరూ చదువైపోయి వెళ్ళిపోయారు. రక్షణ కోచ్ టోనీ వైట్ ఫ్లోరిడా స్టేట్‌కి పోయాడు, ఆ స్థానంలో జాన్ బట్లర్ వచ్చాడు. గోడ తీసినచోట గోడ కట్టలేదు, నా దృష్టిలో అసలు తప్పు అదీ. ఇక మన బంతి వచ్చినప్పుడు, ముందు నిలబడి కాపాడాల్సిన వాళ్ళు కాపాడలేదు, మిషిగన్ వాళ్ళు రయోలాని ఏడుసార్లు కింద పడేశారు.

అయిదోసారో, ఆరోసారో పడేసినప్పుడు నేను లేచి నిలబడ్డాను. బంతి వదిలేయడం కూడా రాదా నీకు, ఇతన్ని తీసేయండి, ఆ కోచ్‌ని ఇంటికి పంపేయండి అని గొంతు పగిలేలా అరిచాను. మా ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. పెద్దాయన మాత్రం మైదానం మీంచి కళ్ళు తిప్పలేదు. చెవిలోంచి వైరు తీసి ఆ మాట అన్నాడు. కాసేపాగి, "అతనికి ఇరవై ఏళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు ఈ స్టేడియంలోనే ఉంటారు" అన్నాడు.

సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. సారీ అన్నాను. కానీ ఇంటికొచ్చాక కోపం వచ్చింది, అదే నిజం. ఆయన ఎవరు నాకు చెప్పడానికి? ఇరవై ఏళ్ళ పిల్లాడా? ఈ జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ఆ పిల్లాడి సంపాదన ముందు మా ఇద్దరి జీతాలు ఏ మూలకీ రావు. డబ్బు తీసుకునేవాడిని ఒక మాట అంటే తప్పేంటి?

మనవాళ్ళ సంగతి తెలియనిది కాదు. 2007 వరల్డ్ కప్‌లో ఓడితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు. దిష్టిబొమ్మలు తగలబెట్టారు. అవన్నీ చూస్తూ పెరిగినదాన్ని, నా నోట్లోంచి ఆ మాట రావడం వింత కాదు. కానీ వీళ్ళు మాత్రం అంత ఓపికమంతులా? ఇది నేను ఆ రాత్రి మనసులో ఆయనతో చేసిన వాదన. 2003లో ఇక్కడి కోచ్ ఫ్రాంక్ సోలిచ్ తొమ్మిది ఆటలు గెలిపించాడు. అయినా తీసేశారు. బో పెలినీ ఉన్న ఏడేళ్ళలో ఏ ఏడాదీ తొమ్మిదికి తగ్గలేదు, 2014లో ఆయన్నీ తీసేశారు. స్కాట్ ఫ్రాస్ట్ ఇంటి బిడ్డ. 1997లో ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టుకి క్వార్టర్‌బ్యాక్. 2022 సెప్టెంబర్‌లో జార్జియా సదర్న్ చేతిలో ఓడిన మర్నాడే పంపేశారు. ఇంకో మూడు వారాలు ఆగితే అతనికి ఇవ్వాల్సిన కోటిన్నర డాలర్లు సగానికి తగ్గేవి. అది కూడా ఆగలేకపోయారు. ఓపిక గురించి నాకు చెప్తారా?

ఆ లెక్క దగ్గర ఆగిపోయాను. పనికి రాడని పంపేస్తే కోచ్‌కి కోటిన్నర డాలర్లు. రేపు నన్ను ఆఫీసులో వద్దంటే నాకు 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం, లేదా ఇల్లు ఖాళీ చేసి, కారు అమ్మేసి విమానం. మూడేళ్ళుగా చేలకు నీళ్ళు చల్లే పివట్ యంత్రాలకు నేను రాసిన ప్రోగ్రాంలు ఈ రాష్ట్రంలో ఎన్ని మొక్కజొన్న చేలల్లో తిరుగుతున్నాయో. ఆ రోజు స్టేడియంలో నేను అరిచింది రయోలా మీద కాదేమో. ఎవరి మీద అరవాలో తెలియక, ఎదురుగా కనబడిన పిల్లాడి మీద అరిచాను. మా చుట్టాలబ్బాయి ఇంటర్‌లో ర్యాంకు రాలేదని వాళ్ళ నాన్న అందరి ముందూ అరుస్తుంటే, ఆ పిల్లాడు కంచంలో అన్నం కెలుకుతూ తల ఎత్తకుండా కూర్చున్నాడు. అప్పుడు ఆ నాన్నని ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. పెద్దాయన నన్ను ఆపాడు.

అయినా అంతటితో ఒప్పేసుకోలేను. ఓపిక మనకూ ఉండేది. 1962లో బాబ్ డెవనీ ఇక్కడికి కోచ్‌గా వచ్చాడని, ఆ ఏడాదే టికెట్లు మిగలకపోవడం మొదలైందని పెద్దాయన గర్వంగా చెప్తే, నాకు వెంటనే తోచింది మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్. మా తాత హైదరాబాద్‌లో కానిస్టేబుల్. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ తెచ్చిన కథలు ఆయన నోట వింటూ నిద్రపోయేదాన్ని. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ బడిపంతులుగా మొదలైన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి చేర్చాడు. 1962లో క్యాన్సర్‌తో ఉండి కూడా జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చి, మరుసటి ఏడాది పోయాడు. పదమూడేళ్ళు ఒక్క మనిషిని నమ్మాం మనం. రహీం సాబ్‌ది ఆ గుండ్రటి బంతి ఆట, ఇది వేరే ఆట, కాని కోచ్‌ని నమ్మడం ఎక్కడైనా ఒకటే. ఇది పెద్దాయనకి చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆఖరి నిమిషాలు, చెప్పే వీలు దొరకలేదు.

30-27. మూడు పాయింట్లు. మిషిగన్ పిల్లలు లోపలికి వెళ్తుంటే మా వరసలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. గెలిచి వెళ్ళేవాళ్ళకు. ఈ ఊరి పద్ధతి అది, ఎప్పటినుంచో. నాకు చేతులు రాలేదు. పెద్దాయన రేడియో ఒళ్ళో పెట్టుకుని మరీ కొట్టాడు. అయ్యాక, "ఆటంతా ఫోన్ చూస్తూనే ఉన్నావు, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. చెప్పాను, పెత్తరమాస నుంచి లక్ష డాలర్ల దాకా, వచ్చినంత ఇంగ్లీషులో. ఆయన రాజకీయం ఏమీ మాట్లాడలేదు. "వాళ్ళ నాన్నకి చేయాల్సింది చేసి రమ్మను" అన్నాడు. తర్వాత, "అక్టోబర్ 4న మా మనవడు రావడం లేదు, మీ ఆయన్ని తీసుకురా" అన్నాడు.

జనంతో పాటు బయటికి నడుస్తుండగా సిగ్నల్ వచ్చి మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా పడ్డాయి. ఆ ఫీజు కొత్త దరఖాస్తులకేనట, ఉన్నవాళ్ళు వెళ్ళి రావచ్చట. హైదరాబాద్‌లో ఇంకా తెల్లవారలేదు. ఒక్క రింగుకే ఎత్తాడు, నిద్రపోతే కదా. "బియ్యం ఇచ్చి నిదానంగా రా" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆట ఏమైంది?" అన్నాడు. "మనోళ్ళు ఓడిపోయిన్రు" అన్నాను. "ఎవరూ, మనోళ్ళా?" అన్నాడు.

మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఇక్కడ తంగేడు ఎక్కడ దొరుకుతుంది? ఊరి బయట రోడ్డు వారన గోల్డెన్‌రాడ్ పూస్తుంది, ఈ రాష్ట్రపు పువ్వు అదే. ఆవగింజంత పసుపు పూలు, కొమ్మ పొడవునా కుప్పగా, బరువుకి తల వంచుకుని ఉంటాయి. కొంచెం దూరం నుంచి చూస్తే తంగేడే. కోసుకొచ్చి పళ్ళెంలో పేరుస్తుంటే పుప్పొడి వేళ్ళకంటుకుంది, పసుపు రాసుకున్నట్టు. మా తెలుగువాళ్ళం పదకొండు మందిమి ఆడాం. మేం, అంటే మేమే. ఆ మాటలో నాకు ఏ అనుమానమూ లేదు. పెద్దాయన మాటలోనే.

సీటు ఇస్తానన్నాడు కాబట్టి మనం అని అనుకోనా? చుట్టాన్ని పిలిచేవాడు కూడా సీటు వేస్తాడు. కాని చుట్టాన్ని ఎవరూ కసురుకోరు. కసురుకున్నాడంటే ఇంటి మనిషి అనే కదా? ఒక పూట అలా అనిపిస్తుంది, ఇంకో పూట ఇలా.

మా ఆయన దసరా రోజు జమ్మి చెట్టు దగ్గరికి పోయొచ్చి, ఆ రాత్రే విమానం ఎక్కుతాడు. నాలుగో తారీఖు ఆట మిషిగన్ స్టేట్‌తో. ఈ శనివారం ఆట లేదు, రెండు వారాల టైముంది. బట్లర్ ఆ మధ్యలో ఇద్దరు బరువైన వాళ్ళని నిలబెట్టాలి, పరుగు ఆపాలి. ముందు వరుస వాళ్ళు రయోలాని మూడు సెకన్లు కాపాడితే చాలు, మిగతాది ఆ పిల్లాడు చూసుకుంటాడు. మొన్న అన్నిసార్లు పడి కూడా లేచి మూడు టచ్‌డౌన్లకు విసిరాడు. ఇంటికొచ్చి ఆట మళ్ళీ చూస్తే గానీ అది నా కంటికి ఆనలేదు.