మా డోనర్‌కి కూడా మార్కులు వేద్దామన్నాం: ఒక ఎవాల్యుయేషన్‌లో నా అనుభవం

మా మహిళా సంస్థకి నాలుగేళ్లుగా డబ్బిస్తున్న ఒక అభివృద్ధి ఏజెన్సీ నుంచి ఒకరోజు మెయిల్ వచ్చింది. మన భాగస్వామ్యాన్ని "ఫెమినిస్ట్, డీకలోనియల్ పద్ధతిలో" మూల్యాంకనం చేయించాలనుకుంటున్నాం, దీంతో పంపిన టీఓఆర్ (మూల్యాంకనం ఎందుకు, ఎలా జరగాలో రాసిన పత్రం) చదివి వారంలోగా మీ అభిప్రాయం చెప్పండి అని. తెరిస్తే పద్నాలుగు పేజీలు. భాగస్వామ్యం అన్న మాట పేజీకి నాలుగుసార్లుంది కానీ, ప్రశ్నలు వాళ్లే రాసేశారు, ఎవాల్యుయేటర్‌ని వాళ్లే పెట్టుకుంటారు, రిపోర్టు ఇంగ్లీషులో వాళ్లకే వెళ్తుంది. మా వంతుకి మిగిలిందల్లా ఇంటర్వ్యూలకి మనుషుల్ని పోగేయడం, కుర్చీలు వేయడం.

డీకలోనియల్ అంటే ఏంటక్కా అని మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. నాకు అర్థమైనంతలో చెప్పాను. ఎవరు ఆలోచించాలి, ఎవరు పని చెయ్యాలి, ఎవరి భాషలో లెక్క చెప్పాలి అన్న విషయాల్లో వలస పాలన నాటి అలవాట్లు సాయం ఇచ్చే దేశాలకీ తీసుకునే దేశాలకీ మధ్య ఇంకా నడుస్తూనే ఉన్నాయని ఒప్పుకుని, వాటిని వదిలించుకోవాలని చూడటం. "అయితే ముందు ఈ కాగితమే మార్చాలిగా" అంది. నిజమే కదా!

ఈ రంగంలో లేనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. సాయం కింద నడిచే ప్రాజెక్టుల్ని తూచడానికి, ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ అనే కూటమిలో సాయం సంగతులు చూసే డాక్ కమిటీ 1991లో ఐదు ప్రమాణాలు పెట్టింది, 2019లో ఆరోది కలిపింది. అవసరానికి తగ్గదేనా, ఫలితం వచ్చిందా, పొదుపుగా చేశారా, నిలుస్తుందా, ఇలా సాగుతాయి. చెడ్డ ప్రశ్నలేం కాదు. కాకపోతే పని ఎలా జరిగిందనే చూస్తాయి గానీ, నిర్ణయాలు ఎవరు తీసుకున్నారని సూటిగా అడగవు. ఇక మేమంతా తిట్టుకుంటూ నింపే లాగ్‌ఫ్రేమ్, అంటే ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, ఫలితాలు గడుల్లో రాసే పట్టిక, 1969లో అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్ కోసం తయారైంది. ఒక భార్య మొదటిసారి ఇంట్లో ఎదురు మాట్లాడింది అన్నది ఆ డబ్బాల్లో ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

మేం మూడు కోరాం. ఏజెన్సీ పనితీరుని కూడా మూల్యాంకనం చెయ్యాలి. ఇంటర్వ్యూలకొచ్చే ఆడవాళ్లు ఆ రోజు పని మానుకుని వస్తారు కాబట్టి వాళ్ల సమయానికి డబ్బు కట్టాలి. డ్రాఫ్ట్ రిపోర్టు ముందు మా భాషలో మాకు చూపించాలి. మెయిల్ పంపేముందు కమిటీలో పెద్ద గొడవే అయింది, తర్వాతి విడత డబ్బు ఇంకా రాలేదు, ఇప్పుడెందుకమ్మా ఈ తలనొప్పి అని సగం మంది. ఆ టెన్షన్‌తోనే సెండ్ నొక్కాను. పది రోజులకి జవాబొచ్చింది. మొదటి రెండూ సరే, మూడోది సారాంశం వరకు మాత్రమే అన్నారు. దానికే పండగ చేసుకున్నాం.

ఎవాల్యుయేటర్లు ఇద్దరొచ్చారు, ఒకావిడకి మా భాష వచ్చు. మొదటి రోజే బోల్తా పడ్డారు. "ఏజెన్సీతో మీ సంబంధం ఎంత సమానంగా ఉంది, ఒకటి నుంచి ఐదు మధ్య చెప్పండి" అంటే అందరూ ఐదే చెప్పారు, నాతో సహా. రేపు డబ్బు పంపాల్సినవాళ్లకి ఎవరైనా మూడు వేస్తారా? పేర్లు రాయం అన్నారు గానీ, అడుగుతున్నదే ఒక్క మా సంస్థని అయినప్పుడు పేరు తీసేస్తే మాత్రం ఎవరన్నారో తెలీదా! ఆ మాట ఆవిడకే చెప్పాను. మర్నాటి నుంచి పద్ధతి మారింది. అదే ఏజెన్సీతో పనిచేసే మిగతా మహిళా సంస్థల జవాబుల్ని కూడా కలిపి ఒకే ముద్దగా రాస్తామన్నారు, మార్కులు తీసేసి జరిగిన సంగతులు అడగడం మొదలుపెట్టారు.

అలా గోడ మీద ఒక పొడవాటి కాగితం అంటించారు, మధ్యలో నాలుగేళ్ల గీత. గీతకి పైన మేం చేసిన పనులు, కింద ఏజెన్సీ చేసినవి. లెక్కలు చూసే మా అక్క ఫైలు తెచ్చుకుని, విడత రావాల్సిన ప్రతి తేదీ దగ్గర నల్ల చుక్క, నిజంగా వచ్చిన తేదీ దగ్గర ఎర్ర చుక్క పెడుతూ పోయింది. ఎవరూ ఏం మాట్లాడలేదు. ఒక్క ఎర్ర చుక్క కూడా నల్లదాని మీద పడలేదు. రెండు చుక్కల మధ్య నెలల్లో జీతాలు ఎలా ఇచ్చామో అక్కడున్న అందరికీ తెలుసు. కింద ఇంకో వరసలో ఏజెన్సీ తరఫున మా పని చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్లు మారిన తేదీలు రాశాం, నాలుగేళ్లలో నలుగురు. కొత్తవాళ్లొచ్చిన ప్రతిసారీ మమ్మల్ని మేం మొదటి నుంచీ పరిచయం చేసుకున్నాం. ఇప్పుడున్న మేడమ్ ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి, "హెడ్ ఆఫీస్ నుంచి నాక్కూడా ఇంతే ఆలస్యంగా వస్తుంది, ఎప్పుడూ చెప్పలేదు" అంది. ఆమె మీద కోపం కొంచెం తగ్గింది, కొంచెమే.

ఇక్కడితో ఆగితే మేం మంచివాళ్లం, వాళ్లు చెడ్డవాళ్లు అని రాసుకుని హాయిగా ఉండేదాన్ని. నాలుగో రోజు మా కింద పనిచేసే చిన్న సంఘాల వాళ్లతో మీటింగ్. మేం లేకుండా మాట్లాడతామన్నారు, బయట కూర్చున్నాం. సాయంత్రం ఒకామె వాళ్లందరి ఒప్పుదలతో మాకు చదివి వినిపించింది: మీరు ప్రతి నెలా మా దగ్గర రసీదులు, ఫొటోలు తీసుకుంటారు, అవి ఎక్కడికెళ్లాయో ఒక్కసారీ చెప్పలేదు. మా డబ్బు కూడా ఆలస్యంగానే వచ్చింది, అది మీ చేతిలో ఎన్నాళ్లుందో మా దగ్గర కాగితం లేదు.

వెంటనే నోటికొచ్చిన జవాబేంటో తెలుసా, "మాక్కూడా పైనుంచి ఆలస్యంగా వస్తుందమ్మా" అని. గోడ మీది కాగితం ముందు మేడమ్ అన్న మాటే. పక్కనున్న కొత్తమ్మాయి నా వైపు చూసింది, నేను కాగితాలు సర్దుకున్నాను.

రిపోర్టు బాగానే వచ్చింది. ఏజెన్సీకి చేసిన సిఫార్సులివి: ఏటా ప్రాజెక్టు చొప్పున కాకుండా ఐదేళ్లకి ఒకేసారి ఒప్పందం, సంస్థ నడవడానికే కోర్ ఫండింగ్, రిపోర్టింగ్‌కి పాత లాగ్‌ఫ్రేమ్ బదులు ఏడాదికోసారి కూర్చుని మాట్లాడుకోవడం. ఇవన్నీ ఫెమినిస్ట్ సంస్థలు ఏళ్లుగా అడుగుతున్నవే. ఏజెన్సీ పంపిన మేనేజ్‌మెంట్ రెస్పాన్స్‌లో, అంటే ఒక్కో సిఫార్సుకి జవాబు రాసే పట్టికలో, కోర్ ఫండింగ్ ఎదురుగా "పాక్షికంగా అంగీకరిస్తున్నాం" అని ఉంది. విధానం పేరులో ఫెమినిస్ట్ ఉంటే చాలనుకునే రోజులు నాకు ఎప్పుడో పోయాయి. స్వీడన్ 2014లో ఫెమినిస్ట్ విదేశాంగ విధానం ప్రకటించింది, 2022లో ప్రభుత్వం మారగానే ఆ పేరు తీసేశారు. అందుకే ఆ ఐదేళ్ల మాటని ఒప్పంద పత్రంలోనే తేదీలతో సహా రాయమని పట్టుబట్టాం, దాని మీద ఇంకా మెయిళ్లు నడుస్తున్నాయి.

ఆ పట్టికలోనే చిన్న సంఘాల సిఫార్సులకి మేం జవాబు రాయాల్సిన గడులు కూడా ఉన్నాయి, నాలుగు. మూడు నింపాం. డబ్బు మా ఖాతాలో పడిన తేదీని వాళ్లకి కూడా చెప్పాలన్న నాలుగోదాని దగ్గర మా కమిటీ రెండు మీటింగుల నుంచి ఆగి ఉంది. మొన్న ఆ చదివి వినిపించినామె ఫోన్ చేసి, "అక్కా, పాక్షికంగా అని మాత్రం రాయకండి" అంది.