ఆ మచ్చ గురించి

ఆఫీసులో మామూలు రోజే. మధ్యాహ్నం పక్క సీటు అక్క నన్ను ఎవరూ లేని చోటికి పిలిచి, చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి దగ్గర మచ్చ చూపించింది. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి ఉంది. "గిల్లినా తెలియట్లేదే" అంది. ఏడాది దాటిందట. కుష్ఠేమో అని తనకు తనే అనుకుని, ఎంత ఉక్కపోసినా పొడుగు చేతులవే వేసుకుంటోంది. డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. "అవునంటే నా పిల్లలతో ఎవరు ఆడనిస్తారు?"

అది కుష్ఠో కాదో నాకెలా తెలుస్తుంది? పాలిపోయిన మచ్చలకు వేరే కారణాలూ ఉంటాయి. కానీ స్పర్శ లేని మచ్చను చూపించుకోకుండా ఉండకూడదు.

కుష్ఠు శాపమూ పాపమూ కాదు, బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బని నార్వే డాక్టర్ హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమవుతుంది. ఆ మందులు ఉచితంగానే ఇస్తారు. చాలామందికి దీన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. చెయ్యి కలిపినా, కలిసి తిన్నా అంటుకోదు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. కుష్ఠు అనగానే అందరికీ గుర్తొచ్చేవి వంకరపోయిన వేళ్లు, మానని పుండ్లు. మొదట్లో అవేవీ ఉండవు. చికిత్స ఆలస్యమై నరాలు దెబ్బతింటే, చెయ్యి కాలినా కాలు తెగినా నొప్పి తెలియదు, గాయం ముదిరిపోతుంది. అంటే జనం ఏ రూపం చూసి భయపడుతున్నారో, ఆ రూపం చాలావరకు ఆ భయంతో దాచుకోవడం వల్లే వస్తోంది. ఒకసారి పోయిన స్పర్శ అన్నిసార్లూ తిరిగి రాదు కూడా. ఇంత అన్యాయం ఇంకేముంటుంది!

అక్క దాస్తున్నది పిల్లల కోసమే. అందుకే ఆ మాటే చెప్పాను. ఒకవేళ అదే అయితే, మందులు వాడని మనిషితో నెలల తరబడి దగ్గరగా ఉన్నవాళ్లకే వ్యాపించే అవకాశం ఎక్కువ, మందులు మొదలుపెట్టాక వ్యాపించదు అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆస్పత్రిలో ఏమని రాయించాలి? ఆ పేరు నా నోటితో చెప్పలేను" అంది.

"మచ్చ అని రాయించు అక్కా. పేరేదో డాక్టరే చెప్తారు" అన్నాను.

రేపు పొద్దున వెళ్తున్నాం. తెలిసినవాళ్లు కనిపించని ఆస్పత్రి అయితేనే వస్తానంది, దూరమైనా సరేనన్నాను. ఇంట్లో ఎప్పుడు చెప్పాలో ఆమె ఇష్టం.