మిల్లు కళ్లం

పొద్దున్నే పెదనాయన ఫోను. "అబ్బయా, బండి తీసుకోని రా, కోవూరు దాకా పోయొద్దాం." ఎందుకో చెప్పలేదు. పడుగుపాడు దాటాక మట్టిబాటలో పెన్న వైపు తిప్పమన్నాడు. అప్పుడు అర్థమైంది, పాత బియ్యం మిల్లుకి.

బాయిలర్ దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేశాడు అక్కడ. నేను ఇంటర్లో ఉండగా మూతపడింది. మిల్లు పేరు రాయను, వాటాల తగాదా ఇంకా తెగలేదు.

పైన రేకుల్లేవు. షాఫ్టు, పుల్లీలు, వడ్ల పొట్టు తీసే హల్లర్లు ఎప్పుడో పాత ఇనుముకి పోయాయి. దిమ్మల్లో బోల్టులు మాత్రం తుప్పు పట్టి నిలబడున్నాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టనే కోసేసింది కదా, ఆ నీళ్ల చార ఇక్కడ గోడమీద నా భుజం ఎత్తున ఉంది. పొగగొట్టానికి ఏమీ కాలేదు. మొదలు దగ్గర రావిమొక్క లేచింది, అంతే.

నానబెట్టే తొట్ల దగ్గర పెదనాయన చాలాసేపు ఆగాడు. ఉప్పుడు బియ్యానికి వడ్లు రెండు మూడు రోజులు చన్నీళ్లలో నానాలి. ఆ పులిసిన వాసన చొక్కాకి పట్టేదని, జేజి ఆయన్ని బావి దగ్గరే నిలబెట్టి నాలుగు చేదలు పోయించి గానీ లోపలికి రానిచ్చేది కాదట. తర్వాత ఆవిరి పట్టడం. ఆవిరి పట్టిన గింజ గట్టిపడుతుంది, మరలో విరగదు, నూక తగ్గుతుంది. నూరు కిలోల వడ్లకి ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. బాయిలర్‌లోకి పోయేది అదే. "వాటి పొట్టుతో వాటినే ఉడకేసేవాళ్లం రా" అని నవ్వాడు.

వెనకవైపు సిమెంటు కళ్లం మాత్రం చెక్కుచెదరలేదు. ఖాళీగా కూడా లేదు! ఎవరో రైతు ఒక పుట్టి వడ్లు ఆరబోసుకున్నాడు. మా వైపు పుట్టంటే 850 కిలోలు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, నిన్న మిషన్లో 19 చూపించిందని మొత్తుకుంటున్నాడు.

పెదనాయన రెండు గింజలు పంటికింద వేసుకున్నాడు. కటుక్కుమనలేదు. "ఇంకో ఎండ పడాల" అన్నాడు.

అని ఊరుకుంటే ఆయనెందుకవుతాడు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, ఈ చివర్నించి ఆ చివరికి కాళ్లతో చాళ్లు తీస్తూ బయల్దేరాడు. రైతు వద్దంటున్నా వినడే. నేనూ దిగాను. రెండు చాళ్లకే అరికాళ్లు చుర్రుమన్నాయి, పొగగొట్టం నీడలోకి పారిపోయాను. డెబ్బై ఏళ్లాయన కళ్లమంతా తిప్పాకే వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి పన్నెండు. యాడికి పోయారని పెద్దమ్మ అడిగింది.

"ఊరికే, కోవూరు" అన్నాడు.

ఆమె ఆయన కాళ్ల వంక చూసి నీళ్లు తేవడానికి లోపలికి పోయింది.