ఆ టవర్ దగ్గర తిరిగిన మలుపు

ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఒక గోడ మలుపు మాత్రం మనసులోంచి పోవడం లేదు.

పోంటే వెక్కియో వంతెన మీద బంగారం దుకాణాల పైన వరసగా కిటికీలు కనిపిస్తాయి. అది వసారి కారిడార్ అనే మూసిన నడవ. 1565లో డ్యూక్ కోసిమో మెదిచి తన కొడుకు పెళ్లి సమయానికి ఐదు నెలల్లో కట్టించాడు. ముప్పావు కిలోమీటరు పైనే పొడవు. పిట్టీ ప్యాలెస్‌లో ఉండే పాలకుడు నది దాటి పరిపాలన భవనమైన పలాజ్జో వెక్కియో దాకా వీధిలో కాలు పెట్టకుండా నడిచి వెళ్లగలిగేవాడు. ఒకప్పుడు తన పాలకులను తానే ఎన్నుకున్న ఊరది! కింద జనం, పైన కిటికీ వెనక ఆయన. ఆ దూరం నాకు చాలా బాధగా అనిపించింది.

వంతెన మీద అప్పట్లో మాంసం దుకాణాలు ఉండేవి. 1593లో మరో మెదిచి డ్యూక్ ఫెర్డినాండో వాటిని తీయించి కంసాలులను పెట్టించాడు. ఈ రోజు మనం ఫొటోలు దిగే ఆ మెరుపు అలా వచ్చిందే.

కానీ వంతెన దక్షిణం చివర మానెల్లి కుటుంబం టవర్ ఉంది. దాన్ని కూల్చడానికి వీల్లేదని వాళ్లు పట్టుబట్టారు. చివరికి కారిడారే పక్కకు జరిగింది. రాతి దిమ్మల ఆసరాతో టవర్ చుట్టూ తిరిగి ముందుకు వెళ్తుంది. పెద్ద అందమేమీ లేదు, ఇరుకుగా, వంకరగా ఉంటుంది. అయినా దాని కిందే తలెత్తి చాలాసేపు నిలబడిపోయాను. మా అక్క వచ్చి చెయ్యి పట్టి లాగేదాకా.