రైలు పట్టాల వెంట రేణిగుంటకు

శ్రీశైలం తోక, అహోబిలం నడుము, తిరుమల పడగ. నల్లమల నుంచి శేషాచలం దాకా ఉన్న కొండలన్నీ కలిస్తే ఆదిశేషుడేనని మా తిరుపతిలో పెద్దవాళ్లు చెప్తారు. మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆ రూపాన్ని నా చేత్తో నడిపే విమానంలోంచి చూడాలని లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచీ నా కోరిక. ప్రయాణికుల విమానాలు బాగా ఎత్తున పోతాయి, పైగా కిటికీలోంచి ఒక పక్కే కనిపిస్తుంది.

సంక్రాంతి వెళ్లాక బేగంపేట నుంచి, తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంటకు సెస్నా 172లో ఒక్కణ్నే బయల్దేరాను. ఎంత చిన్న విమానమైనా ఫ్లైట్ ప్లాన్ వేయాలి, గగనతల రక్షణ అనుమతి (ఏడీసీ), విమాన సమాచార కేంద్రం (ఎఫ్‌ఐసీ) నంబర్లు తీసుకోవాలి. తిరుగు ప్రయాణానికి అవ్‌గ్యాస్ ఏర్పాటు కూడా ముందే చూసుకున్నాను, ఆ ఇంధనం అన్ని ఎయిర్‌పోర్టుల్లో దొరకదు. ముందురోజు రాత్రి ఫోన్‌లో అమ్మ ఒకటే మాట: "కొండ మీదుగా మాత్రం పోవద్దు నాయనా." ఆనంద నిలయం పైనుంచి ఏదీ ఎగరకూడదన్నది ఆమె నమ్మకం. టీటీడీ కూడా కేంద్రాన్ని చాలాకాలంగా అదే కోరుతోంది. నా దారి ఎలాగూ అటు కాదు.

బయల్దేరే ముందు నాకు బాగా ఇష్టమైన పని ఒకటుంది. రెక్క కింద వాల్వు నొక్కి, చిన్న గొట్టంలోకి కాస్త అవ్‌గ్యాస్ వంచి, వెలుగుకెత్తి చూడటం. లేత నీలం రంగు. ట్యాంకులో నీరు చేరి ఉంటే అడుగున విడిగా నిలుస్తుంది. ఆ రోజు చివరిదాకా ఒకటే నీలం. పొగమంచు విడిచి, చూపు మేర 5 కిలోమీటర్లు దాటాకే ఇంజన్ స్టార్ట్ చేశాను.

5,500 అడుగుల ఎత్తున దక్షిణానికి తిప్పాను. కృష్ణ దాటేటప్పుడు ఎడమవైపు శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు కొండల సందుల్లోకి చొచ్చుకుపోయి మెరిశాయి. తోక అక్కణ్నుంచే మొదలు. నేరుగా నల్లమల మీదుగా పోతే దూరం కలిసొస్తుంది కానీ, ఒకే ఇంజన్ విమానంతో ఆ అడవి మీదికి వెళ్లడం నాకు సమ్మతం కాదు. ఇంజన్ ఆగితే సెస్నా వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారగలదు, ఆలోపు చదునైన నేల కనిపించాలి. అందుకే నంద్యాల మైదానం మీదుగా, కొండల్ని ఎడమ పక్కన పెట్టుకుని వెళ్లాను. దానివల్లే కొండల వరుస మొత్తం తెగకుండా కనిపించింది. అహోబిలం దగ్గర గుట్టలు మెలికలు తిరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టున్నాయి. పెద్దవాళ్లు విమానం ఎక్కకుండానే ఈ వంపును ఎలా పట్టుకున్నారో!

పెన్నా ఇసుక తిన్నెలు, కడప, ఒంటిమిట్ట చెరువు వెంటవెంటనే వెనక్కిపోయాయి. ఇక్కణ్నుంచి నా దిక్సూచి రైలు మార్గమే. నందలూరు, రాజంపేట, కోడూరు మీదుగా ఆ లైను సూటిగా రేణిగుంటకే చేరుస్తుంది. కుడివైపు శేషాచలం, ఎడమవైపు వెలికొండలు. తాళ్లపాక మీదుగా పోతుంటే ఒళ్లు పులకరించింది. అన్నమయ్య చిన్నతనంలో ఇక్కణ్నుంచే కాలినడకన కొండకు బయల్దేరాడంటారు. నాకది అరగంట దారి. కోడూరు మామిడి, అరటి తోటలు దాటాక బాలపల్లె దగ్గర అడవి దగ్గరికొచ్చేస్తుంది. ఎండ ముదిరితే ఆ రాళ్ల మీంచి లేచే వేడిగాలికి విమానం బాగా ఎగిరిపడుతుంది. అప్పటికి రెండు మూడు కుదుపులే తగిలాయి.

మామండూరు దాటగానే తిరుపతి టవర్ నన్ను గాల్లోనే చుట్లు కొడుతూ ఆగమంది. ముందు ఒక ఎయిర్‌బస్ దిగుతోంది. దాని రెక్కల చివర్ల నుంచి లేచే గాలి సుడులు అణిగేదాకా, అంటే మూడు నిమిషాలు, నాలాంటి తేలిక విమానం దూరంగా ఉండాలి. నాకు అంతకన్నా కావలసిందేముంది? ప్రతి చుట్టులోనూ పడగ ఎదురుగా వచ్చేది. ఎర్రటి రాతి గోడ, దాని మీద ఘాట్ రోడ్డు గీత, తెల్లగా గాలిగోపురం. పుట్టిన దగ్గర్నుంచీ కిందినుంచి చూసిన కొండే, కానీ తోక నుంచి దాని వెంటే వచ్చి చూడటం వేరు. చేతులు జోడించే వీల్లేదు, విమానాన్ని తిప్పే చక్రం, యోక్ పట్టుకునే గోవిందా అనుకున్నాను. కళ్లు చెమర్చాయి.

రన్‌వే 08 మీద దిగాను. బయట అమ్మ నిలబడి ఉంది. "అంత దూరం ఒక్కడివే వచ్చినావా?" అంటూ తల నిమిరింది. మర్నాడు ఇద్దరం అలిపిరి మెట్లెక్కాం. గాలిగోపురం దగ్గర ఆగి, నేను ఏ సందులోంచి వచ్చానో వేలితో చూపించాను. అమ్మ అటే చూస్తూ, "నన్ను గూడా ఎక్కించుకుంటావా?" అని అడిగింది. నాలుగు సీట్ల విమానం, ప్రైవేట్ లైసెన్సుతో డబ్బు తీసుకోకుండా మనవాళ్లను తీసుకెళ్లొచ్చు. వేసవిలో కుదుపులెక్కువ, కార్తీకంలో తుఫాన్ల భయం. వచ్చే మాఘంలో పోదామన్నాను.