పదేళ్లు ఆగే ఏల్, పూట ఆగని కల్లు

సంక్రాంతి వెళ్లిన వారంలో సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు బయలుదేరాను. భువనగిరి కొండ దాటితే జనగామ దాకా పట్టాలకు అటూ ఇటూ తాళ్లే తాళ్లు. కల్లు పారే రోజులు కావడంతో చాలా చెట్లకు లొట్లు వేలాడుతున్నాయి. నేను వెళుతున్నది మాత్రం సీసాల్లో ఏళ్ల తరబడి ఊరిన బీరు కోసం. మా పెద్దమ్మ కొడుకు లండన్‌లో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చి హనుమకొండలో స్థిరపడ్డాడు. అక్కడున్నప్పటి నుంచే ఫుల్లర్స్ అనే బీరు కంపెనీ వారి వింటేజ్ ఏల్ సీసాలు దాచడం అలవాటు. ఏల్ అంటే ఒక రకం బీరు. ఇప్పుడు తెలిసినవాళ్లు ఎవరొస్తున్నా తెప్పిస్తాడు. విమానంలో వచ్చే మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్లే అనుమతి కాబట్టి, అర లీటరు సీసాలు నాలుగుకు మించి రావు. "మూడు వేర్వేరు సంవత్సరాలవి ఒకేసారి తెరుద్దాం, వచ్చెయ్ తమ్ముడూ" అని ఫోను చేశాడు. అలాంటి పిలుపు మళ్లీ మళ్లీ రాదు.

లండన్‌లోని చిజిక్‌లో 1997 నుంచి ఏటా ఒకసారి ఈ ఏల్ కాస్తున్నారు. ఆల్కహాల్ 8.5 శాతం. సీసాలో బతికున్న ఈస్టు, అంటే తీపిని ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి, ఉంటుంది. మూత బిగించాక లోపల మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను మొదట్లో అదే పీల్చేసుకుంటుంది. బలమైన ఆల్కహాల్, హాప్స్ అనే పువ్వులిచ్చే చేదు, అడుగున ఈస్టు పొర, ఈ మూడూ కలిసి కాపలా కాస్తాయి కాబట్టే ఇలాంటివి ఏళ్లు నిలుస్తాయి. మామూలు లేత రంగు లాగర్ బీరును దాచి లాభం లేదు, దాన్ని తాజాగానే తాగాలి. ఇంగ్లండులో పెద్ద ఇళ్లవాళ్లు వారసుడు పుట్టినప్పుడు గట్టి ఏల్ కాచి, వాడికి ఇరవై ఒక్కటి నిండాక తెరిచేవారట. 1902లో ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్ బర్టన్ ఊరికి వచ్చినప్పుడు బాస్ కంపెనీ కాచిన కింగ్స్ ఏల్ సీసాలు వందేళ్లు దాటాక కూడా తాగే స్థితిలోనే ఉన్నాయి.

అన్న ఇంటికి వెళ్లగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, నేలమాళిగ తవ్వించావా అని. తవ్వినా ప్రయోజనం లేదన్నాడు. కొంత లోతుకు వెళ్లాక నేల వేడి ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా నిలిచిపోతుంది. ఇంగ్లండులో అది పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అందుకే అక్కడి నేలమాళిగలు సహజంగానే చల్లన. వరంగల్ సగటు ఇరవై ఏడుకు అటూ ఇటూ. ఎంత తవ్వినా దక్కేది ఆ వెచ్చదనమే. అందుకని వైను నిలవచేసే చిన్న ఫ్రిజ్ కొని, పదమూడు డిగ్రీల దగ్గర పెట్టి, ఇన్వర్టర్ తగిలించాడు. సీసాలన్నీ నిలువుగానే ఉన్నాయి. అలా ఉంటే గాలి తగిలే మేర తక్కువ, ఈస్టు కూడా అడుగునే పేరుకుంటుంది.

సాయంత్రం 2022, 2018, 2014 సీసాలు బయట పెట్టి, చలి కొంత తగ్గాక వంచాడు. 2022 ఏల్ రాగి రంగులో మెరిసింది. నారింజ తొక్క వాసన, గట్టి చేదు, గొంతులో ఆల్కహాల్ మంట. 2018లో రంగు ముదిరింది. చేదు వెనక్కి తగ్గి ఖర్జూరం, కాగిన బెల్లం ముందుకొచ్చాయి. మంట పోయింది కానీ ఆల్కహాల్ శాతం దాదాపు అంతే. 2014 గోధుమ రంగుకు తిరిగింది, నురగ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండు ద్రాక్ష, బాదం, షెర్రీ వైను వాసన, చివర్న కాస్త సోయా సాసు ఉప్పదనం. ఈస్టు కణాలు చచ్చి కరిగితే వచ్చే రుచి అది. హాప్స్ చేదునిచ్చే ఆమ్లాలు ఏళ్లు గడిచేకొద్దీ విరిగిపోతాయి. మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో, కాగినప్పుడు పుట్టిన పదార్థాలు ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలిసి ఈ ఎండు పళ్ల రుచులను పుట్టిస్తాయి. అయితే ఈ ఏల్‌లో మాల్ట్, హాప్స్ ఏటా మారుతుంటాయి. మూడు గ్లాసుల మధ్య తేడా మొత్తాన్నీ వయసు ఖాతాలో వెయ్యలేం.

ఆ సందేహం తీర్చడానికే అన్న నాలుగో సీసా సిద్ధం చేశాడు. అదీ 2018దే. కావాలనే దాన్ని ఒక ఎండాకాలమంతా మేడమీద గోడ అలమారలో ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చాడు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని చదువుకున్న లెక్క. ఆ ప్రకారం అది కొన్నేళ్లు ముదిరి 2014 సీసా వైపు జరగాలి. జరగలేదు. తడిసిన అట్టపెట్టె వాసన, దాని వెనక మాడిన పంచదార. ఎండు పళ్ల జాడే లేదు. అన్ని చర్యలూ వేడికి ఒకే పాళ్లలో వేగం పుంజుకోవు, కొన్ని పరుగెత్తితే కొన్ని వెనకబడతాయి. పదేళ్ల చల్లదనం ఇచ్చేదాన్ని ఒక్క ఎండాకాలం ఇవ్వలేదని ఆ గ్లాసు నాకు తేల్చి చెప్పింది. నేను ఆ ప్రయాణంలో తెచ్చుకున్నవాటిలో విలువైనది అదే.

మర్నాడు చీకటితోనే వర్ధన్నపేట దారిలో బయలుదేరాం. ఒక తాటి వనం దగ్గర గీత కార్మికుడు మోకు సాయంతో అప్పుడే దిగుతున్నాడు. తాటాకు దొప్పలో పోశాడు. నురగ సన్నగా చిటచిటలాడుతోంది, తీపి మీద లేత పులుపు. "ఎండ ముదరకముందే తాగెయ్యండి సార్, మధ్యాహ్నానికి బాగా పులుస్తుంది" అన్నాడు. గెల కోతలోంచి నీరు లొట్టిలో పడగానే ఈస్టు పని మొదలెడుతుంది, వెంటే బ్యాక్టీరియా చేరుతుంది. ఆపడానికి హాప్స్ లేవు, అడ్డుపడేంత ఆల్కహాల్ లేదు, పైన ఎండ. ఏల్‌లో పదేళ్లు పట్టే మార్పులకు దీటైన దూరం ఇక్కడ ఒక పూటలో నడిచిపోతుంది. లొట్టిలో కొంచెం మిగిల్చి పదకొండింటికి మళ్లీ రుచి చూశాం. తీపి సగానికి పైగా పోయింది, నాలుక అంచులు జివ్వుమన్నాయి. నాకు పొద్దుటిదే నచ్చింది. అన్నకు పులిసినదే ఇష్టం.

తిరుగుదారిలో కోటలో తోరణాల దగ్గర కాసేపు ఆగాం, కానీ మా మాటలు ఏల్ దగ్గరే ఉన్నాయి. 2014 వాటిలో పండు తగ్గి ఉప్పు పెరుగుతోంది, ఉన్నవి ఈ ఏడాదే తాగెయ్యాలని నా వాదన. ఆయనకు ఆ షెర్రీ వాసనే ప్రాణం, ఇంకా ఆగుతానన్నాడు. 2018 ఇప్పుడు సరిగ్గా పాకానికి వచ్చిందన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. 2022 సీసాలను మరో మూడేళ్ల దాకా ముట్టుకోబోమని కాజీపేట స్టేషన్లో ఒప్పందం చేసుకున్నాం.